వేరే నక్షత్రాల గ్రహాలకు ఫొటో తీసే టెలిస్కోపులు: మా జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. సెలవుల్లో ఎనిమిదంగుళాల టెలిస్కోపు ఆటోలో వేసుకుని ఊళ్లకు వెళ్లి ఆకాశం చూపించడం అలవాటు. శని వలయాలు చూసి ముచ్చటపడ్డాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మరి ఆ చుక్కల చుట్టూ గ్రహాలుంటాయంటారు కదా, అవి చూపించండి సార్." అక్కడి నుంచి మాట అంతరిక్ష టెలిస్కోపుల మీదకు మళ్లుతుంది. ఇటు కవిటి అయినా, అటు చీపురుపల్లి, బొబ్బిలి అయినా అడిగేవి ఇంచుమించు ఇవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

ఫొటో లేకుండానే ఆ గ్రహాలు ఉన్నాయని ఎలా తెలిసింది?

1995లో మిషెల్ మాయోర్, డిడియే కెలోజ్ అనే ఇద్దరు 51 పెగాసీ అనే నక్షత్రం దగ్గర ఒక గ్రహాన్ని కనిపెట్టారు. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ దొరికిన మొదటి గ్రహం అదే. 2019లో వాళ్లకు నోబెల్ కూడా వచ్చింది. అయితే వాళ్లు గ్రహాన్ని చూడలేదు. గ్రహం లాగుతుంటే నక్షత్రం కాస్త ఊగుతుంది, ఆ ఊగుడును కొలిచారు.

తర్వాత ఎక్కువ గ్రహాలను పట్టిచ్చింది ఇంకో పద్ధతి. గ్రహం నక్షత్రానికి అడ్డంగా వచ్చినప్పుడు నక్షత్రం వెలుగు ఒక్క పిసరు తగ్గుతుంది. కానీ అలా అడ్డం రావాలంటే నక్షత్రం, గ్రహం, మనం ఒకే గీత మీద ఉండాలి. అరసవల్లి సంగతి మనందరికీ తెలుసు. మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరులో కొన్ని రోజులు మాత్రమే పొద్దుటి కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. మిగతా రోజుల్లోనూ సూర్యుడు లేస్తూనే ఉంటాడు, గీత కలవదంతే. ఇక్కడా అదే లెక్క. సూర్యుడు, భూమి లాంటి జంటలు రెండు వందలుంటే వాటిలో సుమారు ఒక్క జంటకే మనతో గీత కలుస్తుంది. మిగతావి మన పొరుగునే ఉన్నా అడ్డం రావు. వాటి గాలిలో ఏముందో తెలియాలంటే ఆ గ్రహం నుంచి వచ్చే వెలుగునే విడిగా పట్టుకోవాలి, అంటే ఫొటో తీయాలి.

2025 సెప్టెంబరు నాటికి లెక్కకెక్కిన గ్రహాలు 6,000 దాటాయి. ఫొటోకు చిక్కినవి వంద లోపే.

అంటే ఫొటోలు ఇప్పటికే ఉన్నాయన్నమాట?

ఉన్నాయి. 2004లో చిలీలోని పెద్ద టెలిస్కోపుతో 2ఎం1207 అనే మసక నక్షత్రం పక్కన ఒక గ్రహాన్ని ఫొటో తీశారు. నిజానికి దాన్ని నక్షత్రం అనడం కూడా మొహమాటానికే, పూర్తిగా నక్షత్రం కాలేకపోయిన గోధుమ మరుగుజ్జు అది. 2008లో హెచ్‌ఆర్ 8799 అనే నక్షత్రం చుట్టూ మూడు గ్రహాలు ఒకే ఫొటోలో కనిపించాయి, రెండేళ్లకు నాలుగోది కూడా దొరికింది. 2024లో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు పన్నెండు కాంతి సంవత్సరాల దూరంలోని ఎప్సిలాన్ ఇండి నక్షత్రం దగ్గర గురుడికి ఆరు రెట్లు బరువున్న చల్లని గ్రహాన్ని పట్టింది.

ఈ ఫొటోలన్నిటిలో ఒక పోలిక ఉంది. అవన్నీ భారీ గ్రహాలు, నక్షత్రానికి బాగా ఎడంగా ఉన్నవి. చాలావరకు పుట్టి ఎంతో కాలం కాక ఇంకా పొయ్యి మీద పెనంలా కాలుతున్నవి. వాటి సొంత వేడే పరారుణ కాంతిలో కనిపిస్తుంది. భూమి లాంటిది చిన్నది, చల్లారినది, నక్షత్రాన్ని అంటిపెట్టుకుని తిరిగేది. దాని ఫొటో ఇంతవరకు ఎవరూ తీయలేదు.

పెద్ద జూమ్ పెడితే సరిపోదా సార్? నా ఫోన్లోనే వంద రెట్లు ఉంది.

అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

కళింగపట్నం ఒడ్డున తెల్లవారాక, వేటకు వెళ్లిన పడవలు తిరిగొచ్చే వేళ నిలబడండి. మనకు సముద్రం తూర్పున. సూర్యుడు నీళ్లలోంచే పైకి వస్తాడు, పడవలూ ఆ వెలుగులోంచే వస్తాయి. ఒడ్డున ఎదురుచూసే ఆడవాళ్లు ఏం చేస్తారు? నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తారు. ఎవరూ బైనాక్యులర్ కోసం పరిగెత్తరు (సూర్యుడి వైపు దాన్ని పెట్టకూడదు కూడా, కళ్లు పోతాయి). పడవ కనిపించకపోవడానికి కారణం దాని దూరం కాదని, వెనకున్న వెలుగని వాళ్లకు తెలుసు. గ్రహాలకు ఫొటో తీసే టెలిస్కోపు డిజైన్ మొత్తం ఆ అడ్డం పెట్టే చెయ్యి గురించే.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. దూరం నుంచి ఎవరైనా మన సౌరకుటుంబాన్ని చూస్తే భూమి కన్నా సూర్యుడు వెయ్యి కోట్ల రెట్లు ప్రకాశంగా కనిపిస్తాడు. మామూలు కంటికి కనిపించే కాంతిలో లెక్క ఇది. పరారుణంలో అయితే తేడా దాదాపు కోటి రెట్లకు దిగుతుంది. దానికీ సంతోషించేదేమీ లేదు, ఎందుకంటే పరారుణంలో టెలిస్కోపు తన సొంత వేడికి తనే మెరుస్తుంది.

రెండోది ఎడం. 33 కాంతి సంవత్సరాల దూరం నుంచి చూస్తే సూర్యుడికీ భూమికీ మధ్య కనిపించే ఎడం ఒక ఆర్క్‌సెకండులో (అంటే డిగ్రీలో 3,600వ వంతులో) పదో వంతు. శ్రీకాకుళం నుంచి విజయనగరానికి గాలిలో గీత గీస్తే యాభై కిలోమీటర్ల పైన వస్తుంది. గంటస్తంభం మీద పాత పెద్ద రెండు రూపాయల బిళ్ల నిలబెట్టి, దాన్ని శ్రీకాకుళం నుంచి చూస్తున్నామనుకోండి. ఆ బిళ్ల ఒక అంచున సూర్యుడు, రెండో అంచున భూమి. అంత దగ్గరగా ఉన్న రెంటిలో ఒకటి రెండోదాని కన్నా వెయ్యి కోట్ల రెట్లు వెలుగుతోంది.

జూమ్ పెంచితే ఏమవుతుంది? రెండూ పెద్దవవుతాయి. వెలుగు మరకా పెద్దదవుతుంది. ఎంత గొప్ప అద్దమైనా నక్షత్రాన్ని చుక్కలా చూపించలేదు, ఎందుకంటే కాంతి ఒక అల. కోనేట్లో రాయి వేస్తే వలయాలు లేచినట్టు నక్షత్రం బొమ్మ నడుమ ఒక మచ్చ, చుట్టూ వలయాలు వస్తాయి. ఇంటర్లో వివర్తనం అని చదివి, ఎంసెట్ టెన్షన్ తీరగానే మరిచిపోయేది ఇదే. మన గ్రహం ఆ వలయాల కింద మునిగి ఉంటుంది. అద్దం పెద్దదైన కొద్దీ వలయాలు లోపలికి ముడుచుకుంటాయి. పెద్ద అద్దం కావాలనడానికి అది మొదటి కారణం.

నేల మీదే పెద్ద టెలిస్కోపు కట్టుకోవచ్చు కదా? రాకెట్ ఖర్చు తప్పుతుంది.

కడుతున్నారు. చిలీలో 39 మీటర్ల అద్దంతో ఒకటి లేస్తోంది. గాలి కదలిక వల్ల వచ్చే చెదురును సెకనుకు వందల సార్లు సరిదిద్దే అద్దాలు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. ఎర్రని చిన్న నక్షత్రాల చుట్టూ ఉన్న గ్రహాలకు అవి పనికొస్తాయి, ఆ నక్షత్రాలు మసక కాబట్టి తేడా అంత భయంకరంగా ఉండదు. సూర్యుడి లాంటి నక్షత్రం పక్కనున్న భూమికి మాత్రం వెయ్యి కోట్లలో ఒక వంతు శుభ్రత కావాలి. గాలి ఉన్నచోట అది దొరకదు. మన చుక్కలు మిణుకుమిణుకుమనేది ఆ గాలి వల్లే.

నక్షత్రం వెలుగును టెలిస్కోపు లోపలే ఎలా ఆపుతారు?

కరోనాగ్రాఫ్ అనే పరికరంతో. దీన్ని 1930ల మొదట్లో ఫ్రాన్సులో బెర్నార్ లియో తయారుచేశాడు, సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే పలచని వేడి పొరను గ్రహణం కోసం కాచుకోకుండా చూడడానికి. సూర్యుడిని చూసే మన నౌక ఆదిత్య-ఎల్1లో ఉన్న వీఈఎల్‌సీ కూడా కరోనాగ్రాఫే. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లు చేశారు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లి, 2024 జనవరి 6న తన చోటికి చేరింది.

పని తీరు ఇది. అద్దం చేసిన నక్షత్రం బొమ్మ ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడ ఒక చిన్న అడ్డు పెడతారు. నడిమి మచ్చ ఆగిపోతుంది. కానీ అడ్డు అంచుల దగ్గర వంగి జారుకున్న వెలుగు ఇంకా ఉంటుంది. లియో తెలివంతా ఇక్కడే. పాలు కాచిన గిన్నెలో మీగడ అంచుకి పట్టినట్టు, ఆ మిగిలిన వెలుగు తర్వాతి కటకం దగ్గర అద్దం బొమ్మ అంచుకు చేరుతుంది. అక్కడ ఒక రింగు పెట్టి అంచు మొత్తం కత్తిరించేస్తారు. పక్క నుంచి కొంచెం వాలుగా వచ్చిన గ్రహం వెలుగు మొదటి అడ్డుకు తగలదు, రింగు నడుమ నుంచి చాలావరకు దాటిపోతుంది.

ఇప్పటి కరోనాగ్రాఫ్‌ల అడ్డులు దీనికన్నా చిత్రమైనవి. కొన్ని వెలుగును ఆపవు, అలను మెలితిప్పి తనను తనే చెరుపుకునేలా చేస్తాయి. అన్నిటికీ ఉన్న ఒక పరిమితి మాత్రం మారదు: నడిమి మచ్చకు రెండు మూడు వలయాల లోపల ఉన్న గ్రహం అడ్డు కిందే పోతుంది. పెద్ద అద్దానికి ఇది రెండో కారణం.

అద్దం ఎంత నున్నగా ఉండాలి?

నిజమైన తలనొప్పి ఇదే, నాకు బాగా ఇష్టమైన భాగమూ ఇదే.

హబుల్ అంతరిక్ష టెలిస్కోపు కథ మీలో చాలామంది వినే ఉంటారు. 1990లో పైకి వెళ్లాక చూస్తే బొమ్మలు మసక. 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర వెంట్రుక మందంలో పాతిక ముప్పయ్యో వంతు, అంటే 2.2 మైక్రాన్లు, ఎక్కువ అరగదీశారు. 1993లో వ్యోమగాములు వెళ్లి దానికి కళ్లద్దాలు తగిలించాల్సి వచ్చింది. గ్రహాల ఫొటోకు కావాల్సిన శుద్ధి ముందు ఆ తప్పు కొండంత. ఇక్కడ లెక్క పికోమీటర్లలో ఉంటుంది. హైడ్రోజన్ అణువుల్లోని ఒక్క పరమాణువు వెడల్పు సుమారు వంద పికోమీటర్లు. భూమి లాంటి గ్రహం కావాలంటే ఫొటో తీస్తున్నంతసేపూ టెలిస్కోపు ఆకారం పది పికోమీటర్ల స్థాయికి మించి కదలకూడదు.

పరమాణువులో పదో వంతు నున్నగా అద్దాన్ని ఎవరు అరగదీస్తారని మా పిల్లలు నవ్వుతారు. ఎవరూ అరగదీయలేరు. కదలకుండా ఉంచడం ఒక పని, ఉన్న వంకరను సరిదిద్దడం ఇంకో పని. సరిదిద్దడానికి వంగే అద్దాలు ఉంటాయి. నాసా తయారుచేసిన నాన్సీ గ్రేస్ రోమన్ టెలిస్కోపు కరోనాగ్రాఫ్‌లో అలాంటివి రెండు. అరచేతిలో పట్టే అద్దం వెనక 48 వరసలు, వరసకు 48 చొప్పున 2,304 చిన్న తోపుడు కడ్డీలు. ఒక్కోటి అద్దాన్ని ఒక్కోచోట కొంచెం నెడుతుంది.

ఎంత నెట్టాలో ముందే తెలియదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ శ్రుతి చేయడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బిరడ కొంచెం తిప్పి, తీగ మీటి, చెవి పెట్టి విని, మళ్లీ కొంచెం తిప్పుతారు. ఇక్కడ చెవి బదులు కెమెరా ఉంటుంది. అద్దాన్ని ఒకలా వంచి ఫొటో తీస్తారు, మిగిలిన వెలుగు మచ్చలు ఎక్కడున్నాయో కంప్యూటర్ లెక్కేస్తుంది, వాటికి ఎదురు అలను పుట్టించేలా అద్దాన్ని మళ్లీ వంచుతారు. అల మీద ఎదురు అల పడితే రెండూ పోతాయి. ఇలా పదే పదే చేయగా నక్షత్రం పక్కన ఒక చీకటి గుంట తయారవుతుంది. ఆ గుంటలో గ్రహం కోసం వెతుకుతారు.

ఒకసారి శ్రుతి కుదిరాక చెడకూడదు. అక్కడ వేడి శత్రువు. టెలిస్కోపు ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి తిరిగితే ఎండ తగిలే వైపు మారుతుంది, లోహం వ్యాకోచిస్తుంది. అందుకే వేడికి దాదాపు సాగని గాజు వాడతారు, అద్దం వెనక హీటర్లు పెట్టి ఉష్ణోగ్రతను డిగ్రీలో వెయ్యో వంతు మారకుండా చూడాలని ప్రయత్నిస్తారు. టెలిస్కోపును తిప్పే చక్రాల అదురు కూడా అద్దం దాకా రాకూడదు. మన ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఊగితే కిటికీ గాజు చిన్నగా మోగుతుంది చూడండి, ఆ మోతలో కొన్ని లక్షల వంతు కూడా ఇక్కడ ఎక్కువే.

వెబ్ టెలిస్కోపు అద్దం 6.5 మీటర్లు కదా, అది సరిపోదా?

దాన్ని చేసింది ఈ పని కోసం కాదు. దానిలో కరోనాగ్రాఫ్‌లున్నాయి, పరారుణంలో పెద్ద గ్రహాలను పడుతోంది. కానీ 18 ముక్కల అద్దం, ముక్కల మధ్య సందులు, ముందు నిలబడే కడ్డీలు, అన్నీ వెలుగును చెదరగొడతాయి. వెయ్యి కోట్లలో ఒక వంతు దాని లెక్కలోనే లేదు.

గొడుగు ఎగరేస్తారని విన్నాను, నిజమేనా?

ఇంకా ఎగరేయలేదు. ఆలోచన మాత్రం పాతది, 1962లోనే లైమన్ స్పిట్జర్ అనే అమెరికా ఖగోళ శాస్త్రవేత్త చెప్పాడు. వెలుగు టెలిస్కోపులోకి వచ్చాక దానితో కుస్తీ పట్టడం ఎందుకు, రాకముందే బయట ఆపేద్దాం అని. కళింగపట్నం ఒడ్డున అడ్డం పెట్టిన చెయ్యి అచ్చంగా ఇదే. టెలిస్కోపు ఒకచోట, దానికి వేల కిలోమీటర్ల ముందు ఒక పెద్ద తెర. తెర నీడ టెలిస్కోపు మీద పడుతుంది, నక్షత్రం మాయమవుతుంది, గ్రహం వెలుగు అంచు పక్క నుంచి వస్తుంది.

నాసా పరిశీలించిన హాబెక్స్ అనే టెలిస్కోపు పథకం కోసం వేసిన లెక్కలో తెర వెడల్పు 52 మీటర్లు, టెలిస్కోపుకూ దానికీ మధ్య దూరం 76,600 కిలోమీటర్లు. అంటే భూమిని దాదాపు రెండు చుట్లు చుట్టినంత. అంత దూరంలో ఉన్న తెర పక్కకు ఒక మీటరుకు మించి జరగకూడదు.

తెర గుండ్రంగా ఉంటే పనికిరాదు. దీని వెనక మంచి కథ ఉంది. 1818లో కాంతి అల అని ఫ్రాన్సులో ఫ్రెనెల్ అనే శాస్త్రవేత్త ఒక పోటీకి వ్యాసం పంపితే, న్యాయనిర్ణేతల్లో ఒకడైన పాయిసన్‌కు అది నచ్చలేదు. "నీ లెక్క నిజమైతే గుండ్రటి బిళ్ల నీడకు సరిగ్గా నడుమ వెలుగు చుక్క రావాలి, ఇంతకన్నా అర్థంలేని మాట ఉంటుందా" అన్న ధోరణిలో ఎదురు వాదన తెచ్చాడు. ఇంకో న్యాయనిర్ణేత ఆరగో ప్రయోగం చేసి చూశాడు. చుక్క వచ్చింది. ఫ్రెనెల్ గెలిచాడు. పాయిసన్ ఓడిన ఆ చుక్కే ఇప్పుడు మన తెరకు అడ్డంకి: గుండ్రటి తెర పెడితే నీడ నడుమనే నక్షత్రం మళ్లీ వెలుగుతుంది. అందుకే అంచును పొద్దుతిరుగుడు పువ్వులా రేకలు రేకలుగా కోస్తారు. అలలు నడుమకు చేరేసరికి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి.

దీని లాభం పెద్దది. టెలిస్కోపు పికోమీటర్ల శుద్ధితో ఉండక్కర్లేదు. నష్టమూ అంతే పెద్దది. ఒక నక్షత్రం చూశాక ఇంకోదానికి మారాలంటే తెర వేల కిలోమీటర్లు జరగాలి, దానికి రోజులు, వారాలు పడుతుంది, ఇంధనం ఖర్చవుతుంది. అంత పెద్ద పువ్వు మడతపెట్టి రాకెట్లో పట్టించి పైన విప్పాలి. నన్నడిగితే రెండూ కలిపి వాడాలంటాను: వెతకడానికి కరోనాగ్రాఫ్, దొరికిన నాలుగింటిని తీరిగ్గా చూడ్డానికి తెర. హాబెక్స్ వాళ్ల ఆలోచనా అదే.

చుక్క కనిపించింది సరే, అది గ్రహమేనని నమ్మకమేమిటి?

మంచి ప్రశ్న. బొబ్బిలిలో ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది.

కళ్లద్దాల మీద మచ్చ ఉంటే ఎటు చూసినా ఆ మచ్చ మీతోనే వస్తుంది. తల వాల్చి చూడండి, మచ్చ వాలుతుంది, ఎదురుగా ఉన్న చెట్టు వాలదు. టెలిస్కోపును కూడా అలాగే కొన్ని డిగ్రీలు తిప్పి రెండు ఫొటోలు తీస్తారు. టెలిస్కోపుతో పాటు తిరిగినవి అద్దం చేసిన మచ్చలు, వాటిని తీసేస్తారు. ఆకాశంలో తన చోట తను నిలబడినది నిజమైన వస్తువు.

అది వెనకెక్కడో ఉన్న నక్షత్రం కూడా కావచ్చు. అందుకని కొన్ని నెలలు, ఏళ్లు ఆగి మళ్లీ తీస్తారు. దగ్గరి నక్షత్రం ఆకాశంలో మెల్లగా కదులుతుంది. గ్రహమైతే దానితో కలిసి కదులుతూ చుట్టూ కూడా తిరుగుతుంది, వెనకటి నక్షత్రమైతే వెనకబడిపోతుంది.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా బోల్తా పడతారు. 2008లో హబుల్ ఫొటోలో ఫోమల్‌హాట్ నక్షత్రం దగ్గర గ్రహం దొరికిందని ప్రపంచమంతా చదివింది. తర్వాత ఏళ్లలో ఆ చుక్క మసకబారి, చెదిరి, చివరికి కనిపించకుండా పోయింది. రెండు వస్తువులు ఢీకొని లేచిన దుమ్ము మబ్బు అని 2020లో తేల్చారు. ఇంకా తాజాది: 2024 ఆగస్టులో వెబ్, సూర్యుడి లాంటి నక్షత్రాల్లో మనకు అతి దగ్గరిదైన ఆల్ఫా సెంటారీ ఎ పక్కన ఒక చుక్కను చూసింది. 2025 ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో మళ్లీ చూస్తే లేదు. గ్రహమైతే ఆ నెలల్లో నక్షత్రానికి బాగా దగ్గరగా జరిగి దాక్కుని ఉండొచ్చని లెక్క చూపించారు. ప్రస్తుతానికి దాన్ని గ్రహం అనకుండా అభ్యర్థి అంటున్నారు. ఎన్నికల భాషలో చెప్పాలంటే నామినేషన్ వేసింది, ఫలితం రాలేదు.

దుమ్ముతో ఇంకో గొడవ ఉంది. దూరం నుంచి చూసేవాళ్లకు మన సౌరకుటుంబంలో గ్రహాల మధ్య పరుచుకున్న దుమ్మంతా కలిపి భూమి కన్నా ఎక్కువ మెరుస్తుంది. ఏ నక్షత్రం దగ్గర దుమ్ము మరీ ఎక్కువో ఆ నక్షత్రాన్ని జాబితాలోంచి తీసేయక తప్పదు.

ఫొటోలో సముద్రాలు, కొండలు కనిపిస్తాయా?

కనిపించవు. ఒక్క చుక్క, అంతే.

33 కాంతి సంవత్సరాల దూరంలోని భూమిని చుక్కగా కాక కాస్తంత వెడల్పున్న బిళ్లగా చూడాలన్నా సుమారు 13 కిలోమీటర్ల అద్దం కావాలి. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస దాకా అద్దం పరిచినట్టు. పైగా ఆ ఒక్క చుక్క కూడా తేరగా రాదు. ఆరు మీటర్ల అద్దానికి ఆ గ్రహం నుంచి చివరికి కెమెరా దాకా చేరేవి నిమిషానికి కొన్ని ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు. ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవాలి. రోమన్ కరోనాగ్రాఫ్‌లో పెట్టింది అలా ఒక్కో ఫోటాన్‌ను లెక్కపెట్టగల కెమెరాయే. మంచి వర్ణపటం (వెలుగును రంగులుగా విడగొట్టిన పట్టీ) కావాలంటే రోజుల తరబడి ఒకే నక్షత్రం వైపు చూస్తూ కూర్చోవాలి.

ఒక్క చుక్క కోసమా ఇంత?

ఆ చుక్కను రంగులుగా విడగొడితే చాలా తెలుస్తుంది. 0.76 మైక్రాన్ల దగ్గర వెలుగు తగ్గితే ఆక్సిజన్, 0.94 దగ్గర తగ్గితే నీటి ఆవిరి, అతినీలలోహితంలో పెద్ద కోత పడితే ఓజోన్. ఆక్సిజన్, మీథేన్ రెండూ ఒకేచోట కనిపిస్తే కుతూహలం పెరుగుతుంది. అవి ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి, రెండూ ఉన్నాయంటే ఎవరో ఎప్పటికప్పుడు నింపుతుండాలి. మన భూమిపై నింపేది జీవులే. 1990లో గెలీలియో నౌక భూమి పక్క నుంచి వెళ్తూ మనల్నే ఇలా పరీక్షించింది, రెండూ దొరికాయి. ఒక్క ఆక్సిజన్ దొరికితే మాత్రం తొందరపడకూడదు. జీవం లేకుండానే నీటి ఆవిరి ఎండకు విరిగి ఆక్సిజన్ పోగుపడే దారులున్నాయి.

చుక్క వెలుగు గంటగంటకూ హెచ్చుతగ్గులయ్యే తీరును బట్టి ఆ గ్రహానికి రోజు ఎంతసేపో, మబ్బులు ఉన్నాయో లేవో కూడా పట్టొచ్చు.

1990 ఫిబ్రవరి 14న వాయేజర్-1 నౌక దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి భూమిని ఫొటో తీసింది. అందులో మనం ఒక పిక్సెల్ కూడా నిండలేదు. ఆ ఫొటోను ప్రింట్ తీసి తీసుకెళ్తుంటాను, ఎక్కడుందో చూపిస్తే తప్ప ఎవరికీ దొరకదు.

మరి టీవీల్లో నీలం సముద్రాలతో చూపించేవి?

చిత్రకారులు గీసినవి. కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

రాబోయే టెలిస్కోపులు ఏవి?

ముందు రోమన్. 2027 మే లోపు పంపాలన్నది నాసా పెట్టుకున్న గడువు, ఇంకా ముందే పంపాలని ప్రయత్నం. దాని 2.4 మీటర్ల అద్దం గూఢచారి ఉపగ్రహాల కోసం తయారై మిగిలిపోయినది, 2012లో నాసాకు ఇచ్చేశారు. ముందు అడ్డంగా లావుపాటి కడ్డీలున్న అద్దం, కరోనాగ్రాఫ్‌కు అనువైనది కాదు. ఉచితంగా వచ్చిన గేదె పళ్లు లెక్కపెట్టకూడదు కదా. అయినా ఇప్పుడు అంతరిక్షంలో ఉన్న కరోనాగ్రాఫ్‌ల కన్నా వంద నుంచి వెయ్యి రెట్లు మెరుగ్గా పనిచేస్తుందని అంచనా. గురుడి లాంటి గ్రహం దాకా వెళ్లొచ్చు, భూమి దాకా కాదు. వంగే అద్దాలు పైన నిజంగా పనిచేస్తాయని చూపించడమే దాని ముఖ్యమైన పని.

తర్వాతది హాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ. 2021లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్తలు పదేళ్లకోసారి చేసే సమీక్షలో దీన్ని కోరారు. ఆరు మీటర్ల అద్దం, జీవానికి అనువైన గ్రహాలు ఓ పాతికైనా చూడడం లక్ష్యం. పాతికే ఎందుకంటే, ఒకటి రెండిటిలో ఏమీ కనిపించకపోతే అది మన దురదృష్టమో, విశ్వం తీరే అంతో చెప్పలేం. ఎగిరేసరికి 2040లు వస్తాయి. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదివేవాళ్లు ముప్పైల్లో ఉంటారు.

వెబ్ ఉన్నచోటే, భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల ఎల్2 అనే చోట దీన్ని నిలుపుతారు. ఆదిత్య ఉన్నది సూర్యుడి వైపు, ఇది ఎదురు వైపు. హబుల్ లాగా గంటన్నరకోసారి ఎండా నీడా మారుతుంటే పికోమీటర్ల మాట మర్చిపోవాలి.

మన దేశం ఏం చేస్తోంది?

మౌంట్ అబూలో ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్ల పరస్ అనే పరికరం నక్షత్రాల ఊగుడును కొలిచి గ్రహాలను కనిపెడుతోంది. కరోనాగ్రాఫ్ కట్టే పని ఆదిత్యతో మనవాళ్ల చేతికి వచ్చింది. 2019లో ఒక నక్షత్రానికీ దాని గ్రహానికీ పేర్లు పెట్టే అవకాశం మనకు వస్తే, నక్షత్రానికి బిభా అనీ గ్రహానికి సంతమస అనీ పెట్టారు. బిభా చౌధురి భౌతిక శాస్త్రవేత్త.

"ఇక్కడ తాగే నీళ్లకే దిక్కులేదు, చుక్కలకు ఫొటోలేటి బాబూ?"

ఉద్దానంలో ఒక పెద్దాయన అడిగారు. ఇంట్లో డయాలసిస్ పేషెంటు ఉన్న మనిషి. వంగే అద్దాల పద్ధతితోనే ఇప్పుడు కంటి రెటీనాలోని కణాలను విడివిడిగా చూస్తున్నారని చెప్పాను. ఆయన తల ఊపారు గానీ అది ఆయన అడిగిన దానికి జవాబు కాదు, నాకూ తెలుసు. రెండూ కావాలని మాత్రం అనగలను. తర్వాత ఆయనే శనిని రెండుసార్లు చూశారు.

మన ఊరి నుంచి ఆ గ్రహాలను నేను చూడగలనా?

గ్రహాలను చూడలేరు. వాటి సూర్యుళ్లను చూడొచ్చు, టెలిస్కోపు కూడా అక్కర్లేదు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో రాత్రి తొమ్మిది పదింటికి నడినెత్తి దగ్గర పునర్వసు జంట ఉంటుంది. కార్తె పేరుగా రైతులకు తెలిసిన పేరే. అందులో కాస్త ఎక్కువ వెలిగేది పాలక్స్, దాని చుట్టూ గురుడి కన్నా బరువైన గ్రహం ఉంది. అంతకు కొంచెం ముందు నెలల్లో దక్షిణాన కిందికి అగస్త్య నక్షత్రం, దానికి కాస్త పడమరగా మసకగా బీటా పిక్టోరిస్. దాని గ్రహాల ఫొటోలు ఉన్నాయి. మే, జూన్ రాత్రుల్లో మబ్బు లేకపోతే దక్షిణ దిక్కున సముద్రం మీద బాగా కిందికి ఆల్ఫా సెంటారీ.

దీపాలు లేని చోటు కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కొబ్బరి చెట్లన్నీ నేల మీద, పైన అడ్డులేని ఆకాశం. అంత పాలపుంతను నేను ఆ తర్వాత చూడలేదు. అలా చూడాల్సి రావడం మాత్రం ఎవరూ కోరుకునేది కాదు.

పిల్లలు దీనికి ఏం చదవాలి?

ఖగోళమే చదవాలని లేదు. అద్దాలు చేసేవాళ్లు, వేడి లెక్కలు వేసేవాళ్లు, అదురు ఆపే మెకానికల్ ఇంజినీర్లు, కెమెరా చిప్పులవాళ్లు, ప్రోగ్రామ్ రాసేవాళ్లు, అందరూ కావాలి. మా స్టూడెంట్లకు నేను చెప్పేది ఒకటే: కాంతిశాస్త్రం చాప్టర్‌ను వెయిటేజీ తక్కువని వదిలేయకండి.

మీ టెలిస్కోపు మా ఊరికి తెస్తారా?

తెస్తాను. అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రోజుల్లో పిలవండి. ఆటో ఖర్చు నేను చూసుకుంటాను, స్కూలు గ్రౌండు పక్కనున్న వీధి దీపం ఆపించే పూచీ మీది.